ల్యాప్‌టాప్ స్క్రీన్ పగిలితే ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: 15.6 అంగుళాల ల్యాప్‌టాప్, కొని మూడేళ్లు దాటింది. కీబోర్డు మీద ఇయర్‌ఫోన్ ఉండిపోయిన సంగతి చూసుకోకుండా మూత మూశారు. మళ్లీ తెరిచేసరికి ఎడమ పక్కన సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ, దానికి రెండు వైపులా రంగు గీతలు. రిపేరు చేసేవాళ్లు పై మూత మొత్తం మార్చాలన్నారు. స్క్రీన్ ఒక్కటే తెప్పించుకుని ఇంట్లో మార్చుకోవచ్చా, ఇంతవరకూ ల్యాప్‌టాప్ విప్పి ఎరగని మనిషి ఆ పని చెయ్యగలరా అన్నది మీ ప్రశ్న.

చెయ్యగలరు. పదిహేనేళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. కొత్తవాళ్లు ధైర్యంగా మొదలుపెట్టదగ్గ పనుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. విప్పడం, బిగించడం కష్టం కాదు. ఈ పనిలో చెడేదల్లా రెండు చోట్ల చెడుతుంది. ఒకటి, తప్పు ప్యానెల్ (అంటే బొమ్మ కనిపించే స్క్రీన్ పలక) తెప్పించుకోవడం. రెండు, కరెంటు పూర్తిగా తెగ్గొట్టకుండా డిస్‌ప్లే కేబుల్ మీద చెయ్యి వెయ్యడం. నా దగ్గరకి “నేనే మార్చానండీ, ఇప్పుడు అసలేం రావడం లేదు” అంటూ వచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటి కథ ఈ రెండింట్లో ఒకటే. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకోకముందు చెయ్యాల్సిన పనుల గురించే ఎక్కువ రాస్తున్నాను.

మొదట, పోయింది స్క్రీనేనా అన్నది తేల్చుకోండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నాకైతే అనుమానం లేదు. ఎల్‌సీడీ ప్యానెల్ అంటే రెండు పలుచని గాజు పలకలు, వాటి మధ్య కొన్ని మైక్రోమీటర్ల సందులో లిక్విడ్ క్రిస్టల్. పై నుంచి వేలితో తడిమితే నున్నగానే ఉంటుంది, లోపలి గాజు మాత్రం చిట్లి ఉంటుంది. ఆ సందులోని పదార్థం చెదిరిన చోట సిరా మచ్చలా కనిపిస్తుంది. పగులు పక్కగా తెగిపోయిన సన్నటి తీగల వరసలే ఆ గీతలు. రోజులు గడిచేకొద్దీ మచ్చ పెద్దదవుతుంది తప్ప తగ్గదు. అయినా టీవీకో వేరే మానిటర్‌కో హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి చూడండి. అక్కడ బొమ్మ శుభ్రంగా వస్తే మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ బాగున్నట్టే. మచ్చ వల్ల ఏమీ కనిపించకపోతే విండోస్ కీతో పాటు పీ నొక్కి, ఒక్కో ఎంపికకీ మారుస్తూ ఎంటర్ కొట్టి చూడండి. బయటి మానిటర్‌లో బొమ్మ రాగానే చెయ్యాల్సిన పని, ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోవడం. స్క్రీన్ మార్చడం వల్ల డేటా పోదు. కానీ మొదటిసారి విప్పుతున్నప్పుడు ఆ భయం మనసులో లేకపోతే చెయ్యి వణకదు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకో రెండు మాటలు. గాజు పగలకుండానే బొమ్మ పోతే వెంటనే ప్యానెల్ తెప్పించొద్దు. మూత ముందుకీ వెనక్కీ కదిపినప్పుడు బొమ్మ వచ్చి పోతుంటే తప్పు కేబుల్‌లో ఉంటుంది. హింజ్ (మూత తిరిగే కీలు) దగ్గర మడతపడీ మడతపడీ అది లోపల తెగుతుంది. స్క్రీన్ చీకటిగా ఉండి, టార్చి లైటు ఏటవాలుగా వేస్తే సన్నగా బొమ్మ కనిపిస్తుంటే బ్యాక్‌లైట్ వెలగడం లేదని అర్థం. అది ప్యానెల్‌లోని ఎల్‌ఈడీల తప్పు కావచ్చు, కేబుల్ కావచ్చు, మదర్‌బోర్డు మీద బియ్యపు గింజంత ఉండే ఫ్యూజు కావచ్చు. డెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఒక సదుపాయం ఉంది. డీ కీ నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే ప్యానెల్ తనను తానే పరీక్షించుకుంటూ తెరంతా ఒక్కో రంగు చూపిస్తుంది. ఆ రంగుల్లోనూ గీతలు ఉంటే ప్యానెల్ పోయినట్టే.

ఇక పై మూత మొత్తం మార్చాలన్న మాట. అది అబద్ధమని నేననను, కొన్ని ల్యాప్‌టాప్‌ల విషయంలో నిజం. టచ్ ఉన్న టూ-ఇన్-వన్ రకాల్లో పై గాజు, ప్యానెల్ పారదర్శకమైన జిగురుతో ఒకదానికొకటి అతికించి ఉంటాయి, విడదీస్తే రెండూ పోతాయి. మ్యాక్‌బుక్‌లలోనూ అంతే, పై భాగం మొత్తంగా మార్చడమే సరైన పద్ధతి. బాగా పలుచని ఓఎల్‌ఈడీ ప్యానెళ్ల జోలికి మొదటి ప్రయత్నంలోనే వెళ్లొద్దు. ఇంకో కారణం హింజ్. మూతలోని ప్లాస్టిక్‌లో హింజ్ స్క్రూలు దిగే ఇత్తడి బుష్‌లు ఊడిపోయి ఉంటే కొత్త ప్యానెల్ పెట్టినా అది నాలుగు రోజులు ఉండదు. మూత తెరిచేటప్పుడు ఒక మూల కటకటమంటుంటే, మూతకీ బెజెల్‌కీ, అంటే స్క్రీన్ చుట్టూ ఉండే చట్రానికీ, మధ్య సందు విచ్చుకుంటుంటే ఆ సంగతి ముందు చూసుకోవాలి. మీ ల్యాప్‌టాప్ టచ్ లేనిది, స్క్రీన్ చుట్టూ ప్లాస్టిక్ చట్రం వేరుగా ఉంది, హింజ్ గట్టిగా ఉంది అంటున్నారు. అలాంటప్పుడు ప్యానెల్ ఒక్కటి చాలు.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే ప్యానెల్ ఎంపికకి వద్దాం. ల్యాప్‌టాప్ మోడల్ నంబరు పెట్టి స్క్రీన్ తెప్పించుకోవడం చాలామంది చేసే తప్పు. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లో కంపెనీ వాళ్లు ఒక విడతలో ఒక తయారీదారు ప్యానెల్, ఇంకో విడతలో ఇంకొకరిది వాడతారు. రిజల్యూషన్ కూడా మారొచ్చు. నమ్మదగింది ప్యానెల్ వెనక అంటించిన స్టిక్కర్ ఒక్కటే. దాని మీద పెద్ద అక్షరాల్లో ఉండేదే ప్యానెల్ అసలు మోడల్ నంబరు. ఎల్‌జీ డిస్‌ప్లే వాళ్లదైతే ఎల్‌పీ156 అని, ఏయూఓ వాళ్లదైతే బీ156 అని, బీఓఈ వాళ్లదైతే ఎన్‌వీ156 లేదా ఎన్‌టీ156 అని, ఇన్నోలక్స్ వాళ్లదైతే ఎన్156 అని మొదలవుతుంది. 156 అంటే 15.6 అంగుళాలు. తర్వాతి అక్షరాలు రిజల్యూషన్ చెబుతాయి. ఎల్‌జీలో డబ్ల్యూహెచ్ అంటే 1366×768, డబ్ల్యూఎఫ్ అంటే 1920×1080. బీఓఈలో డబ్ల్యూహెచ్‌ఎం, ఎఫ్‌హెచ్‌ఎం అన్నవి కూడా వరసగా ఆ రెండే. ఏయూఓలో ఎక్స్ అని ఉంటే 1366×768, హెచ్ అని ఉంటే 1920×1080. గీత తర్వాత వచ్చే చివరి అక్షరాలూ అంకెలూ అనవసరమని వదిలెయ్యొద్దు. కనెక్టర్‌లోని పిన్నుల లెక్క, స్క్రూలు దిగే చెవులు ఉన్నాయా లేవా అన్న తేడాలు అక్కడే దాగి ఉంటాయి.

విప్పకుండా తెలుసుకునే దారి కొంతవరకు ఉంది. ప్రతి ప్యానెల్‌లోనూ ఈడీఐడీ అనే వివరాలు దాచిన చిన్న మెమరీ ఉంటుంది, ప్యానెల్ తన కొలతలూ రిజల్యూషనూ ల్యాప్‌టాప్‌కి చెప్పుకునేది దాని ద్వారానే. (కొత్త స్క్రీన్‌కి డ్రైవర్లు ఎక్కించనక్కర లేకపోవడానికి కారణం కూడా అదే.) హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాం దాన్ని చదివి చూపిస్తుంది. విండోస్ డివైస్ మేనేజర్‌లో మానిటర్ హార్డ్‌వేర్ ఐడీ తెరిచినా మొదటి మూడక్షరాలు తయారీదారుని చెబుతాయి. ఎల్‌జీడీ అంటే ఎల్‌జీ, ఏయూఓ అంటే ఏయూఓ, బీఓఈ అంటే బీఓఈ, సీఎంఎన్ అంటే ఇన్నోలక్స్, ఎస్‌డీసీ అంటే శామ్‌సంగ్. ఇది అంచనాకి పనికొస్తుంది. డబ్బు కట్టే ముందు మాత్రం బెజెల్ విప్పి స్టిక్కర్ కళ్లతో చూడాల్సిందే. ఎలాగూ పగిలిన స్క్రీనే కాబట్టి ఇప్పుడు విప్పడానికి భయపడక్కర లేదు. ఒకసారి విప్పి చూసి, ఫోటో తీసుకుని, మళ్లీ మూసేస్తే అసలు పనికి ముందు మంచి సాధన కూడా అవుతుంది.

అదే నంబరు ప్యానెల్ దొరకకపోతే కంగారు పడనక్కర లేదు, సరిపోయేవి వేరే ఉంటాయి. కాకపోతే కొన్ని విషయాలు ఖచ్చితంగా కలవాలి. మొదటిది కనెక్టర్. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో మదర్‌బోర్డు నుంచి ప్యానెల్‌కి బొమ్మ పంపే పద్ధతి ఈడీపీ. మామూలు 1920×1080, 60 హెర్ట్జ్ ప్యానెళ్లకి 30 పిన్నులుంటాయి. 120, 144 హెర్ట్జ్ గేమింగ్ ప్యానెళ్లకీ 4కే వాటికీ, టచ్ ప్యానెల్‌లోనే కలిసిపోయిన రకాలకీ 40 పిన్నులు. దీని వెనక లెక్క ఉంది. 30 పిన్నుల కేబుల్‌లో సాధారణంగా రెండు డేటా దారులు ఉంటాయి. ఒక్కో దారి సెకనుకి 2.7 గిగాబిట్లు మోస్తుంది, అందులో అసలు బొమ్మకి మిగిలేది 2.16. రెండూ కలిపితే 4.32. 1920×1080 బొమ్మని సెకనుకి 60 సార్లు గీయడానికి సుమారు 3.6 గిగాబిట్లు కావాలి, కాబట్టి సరిపోతుంది. అదే 120 సార్లంటే రెట్టింపు. దారి వేగం అదే అయితే నాలుగు దారులున్న కేబుల్ ఉంటే తప్ప కుదరదు. అందుకే “పనిలో పనిగా 144 హెర్ట్జ్ స్క్రీన్ వేసుకుంటే?” అని అడిగేవాళ్లకి నేను వద్దనే చెబుతాను. ప్యానెల్ మారిస్తే సరిపోదు, కేబుల్ మారాలి, మదర్‌బోర్డులోనూ ఆ ఏర్పాటు ఉండాలి.

పాత ల్యాప్‌టాప్‌లవాళ్లకి ఇంకో జాగ్రత్త. ఈడీపీకి ముందు ఎల్‌వీడీఎస్ ఉండేది. 2013 కల్లా దాన్ని వదిలేస్తామని ఇంటెల్, ఏఎండీ 2010 డిసెంబరులో ప్రకటించాయి, ఆ చుట్టుపక్కల సంవత్సరాల్లో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో రెండు రకాలూ కనిపిస్తాయి. ఎల్‌వీడీఎస్‌కి 40 పిన్నులు, ఈడీపీలో పెద్దదానికీ 40 పిన్నులు. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి, లోపలి తీగల అమరిక మాత్రం పూర్తిగా వేరు. పిన్నులు లెక్కపెట్టి సరిపోయిందనుకుని కరెంటు ఇస్తే కొత్త ప్యానెల్‌తో పాటు మదర్‌బోర్డుకీ ముప్పు. స్టిక్కర్ నంబరు చూసి, ఆ ప్యానెల్ ఏ రకమో వివరాల్లో చదివి నిర్ధారించుకోవాలి. ఇంకా పాతవి, సుమారు 2010కి ముందువి, బ్యాక్‌లైట్‌కి సన్నటి ట్యూబులైటు వాడేవి. ఆ ట్యూబుకి కరెంటు ఇచ్చే ఇన్వర్టర్ అనే చిన్న బోర్డులో వందల వోల్టులు పుడతాయి, ట్యూబులో పాదరసం ఉంటుంది. వాటిని ఇంట్లో విప్పమని నేను సలహా ఇవ్వను.

రెండో విషయం బిగింపు. కొన్ని ప్యానెళ్లకి రెండు పక్కలా స్క్రూలు దిగే చెవులుంటాయి, కొన్నింటికి పైనా కిందా ఉంటాయి, కొత్త సన్నంచు ల్యాప్‌టాప్‌లలో అసలుండవు, వెనక సాగే జిగురు పట్టీలతో అంటించేస్తారు. చెవులున్న 15.6 అంగుళాల ప్యానెల్ వెడల్పు 360 మిల్లీమీటర్ల దగ్గర, లేనిది 350 దగ్గర ఉంటుంది. ఆ సెంటీమీటరు తేడాకే ప్యానెల్ మూతలో పట్టకుండా పోతుంది. స్కేలుతో కొలవండి. వెనక నుంచి చూసినప్పుడు కనెక్టర్ ఏ పక్కన ఉందో కూడా పాతదానితో సరిచూడండి, కేబుల్ అందకపోతే లాగి అందించడం కుదరదు.

మీ ఇష్టానికి వదిలిపెట్టదగినవి కూడా ఉన్నాయి. మెరిసే తెర తీసి మ్యాట్ తెర వేసుకోవచ్చు. నేనైతే మ్యాటే ఎంచుకుంటాను, వెనక కిటికీ ప్రతిబింబం కనిపించదు. టీఎన్ రకం ప్యానెల్ తీసి ఐపీఎస్ రకం వేసుకోవచ్చు. తెరని పక్క నుంచి చూసినా రంగులు మారవు, కళ్లకి హాయి. ఈడీపీ 30 పిన్నులది అయితే 1366×768 నుంచి 1920×1080కి వెళ్లడం కూడా చాలాసార్లు కుదురుతుంది. ఎల్‌వీడీఎస్‌లో ఆ మార్పుకి కేబుల్ కూడా మార్చాలి. రంగుల గురించి పట్టింపు ఉంటే వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అన్న అంకె చూడండి, తెర ఎన్ని రంగులు చూపించగలదో చెప్పే కొలత అది. మొదటిదానిలో ఎరుపు వెలిసిపోయినట్టు ఉంటుంది. రెండోది సుమారుగా ఫోటోలకీ వెబ్‌కీ వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల శ్రేణి మొత్తంతో సమానం, ఫోటోల పని చేసేవాళ్లకి ఆ తేడా విలువైనది. మొదటిసారి మారుస్తున్న మీకు నా సలహా మాత్రం అదే నంబరు ప్యానెల్ దొరికితే అదే వేసుకోమని. డెడ్ పిక్సెల్ (పనిచెయ్యని చుక్క) ఉంటే వెనక్కి తీసుకుంటారో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

ప్యానెల్ చేతికొచ్చాక పనికి రెండు గంటలు తీరిక పెట్టుకోండి. అలవాటైన చేతికి అరగంట పని, మీకు మాత్రం తొందర ఉండకూడదు. వెలుతురున్న చోట బల్ల, దాని మీద మెత్తటి గుడ్డ. పీహెచ్0 సైజు స్టార్ స్క్రూడ్రైవర్, కొన్నింటికి పీహెచ్00. బెజెల్ విప్పడానికి గిటార్ పిక్ గానీ పాత ప్లాస్టిక్ కార్డు గానీ. లోహపు స్క్రూడ్రైవర్ మొన పెట్టి బెజెల్ తెరిస్తే ప్లాస్టిక్ మీద పడ్డ గాటు ఇక పోదు. ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, తీసిన స్క్రూని తీసిన చోటే టేపుతో అంటించండి. పొడవు స్క్రూ పొట్టి స్క్రూ చోట దిగితే మూత వెనక బుడిపె లేస్తుంది, ఒక్కోసారి ప్యానెల్‌లోకే దిగుతుంది.

ఇప్పుడు కరెంటు. ఇక్కడ ఒక్క మెట్టు కూడా దాటెయ్యకండి. షట్‌డౌన్ చెయ్యండి, స్లీప్ సరిపోదు. ఛార్జర్ తియ్యండి. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే తీసేయండి. లోపలిదైతే కింది మూత విప్పి, బ్యాటరీ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే కనెక్టర్‌ని వేలిగోరుతో గానీ ప్లాస్టిక్ ముక్కతో గానీ నిదానంగా వెనక్కి జరిపి ఊడదీయండి, తీగలు పట్టుకుని లాగొద్దు. థింక్‌ప్యాడ్‌లలో చాలావాటికి బయోస్‌లోనే (విండోస్ లేచేముందు తెరిచే సెట్టింగుల్లోనే) లోపలి బ్యాటరీని నిలిపేసే ఎంపిక ఉంటుంది, ముందు అది కూడా వాడండి. ఆ తర్వాత పవర్ బటన్ 20 సెకన్లు నొక్కి పట్టుకోండి, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోతుంది.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఆ సన్నటి డిస్‌ప్లే కనెక్టర్‌లోనే ఒకవైపు ప్యానెల్ సర్క్యూటుకి 3.3 వోల్టులు, ఇంకోవైపు బ్యాక్‌లైట్‌కి బ్యాటరీ లేదా ఛార్జర్ వోల్టేజీ, అంటే కొన్నింటిలో 19 వోల్టుల దాకా వెళ్తాయి. పిన్నుకీ పిన్నుకీ మధ్య అర మిల్లీమీటరు. కరెంటు ఉండగా కనెక్టర్ కొంచెం వంకరగా కదిలినా ఒకటి ఇంకోదాన్ని తాకుతుంది. నేను ఈ పని నేర్చుకుంటున్న తొలి నెలల్లో ల్యాప్‌టాప్ ఆఫ్ అయింది కదా అని బ్యాటరీ వదిలేసి ఒక ప్యానెల్ మార్చాను. శబ్దం లేదు, పొగ లేదు. ఆన్ చేస్తే చీకటి. టార్చి వేసి చూస్తే సన్నగా బొమ్మ. మదర్‌బోర్డు మీద బ్యాక్‌లైట్ ఫ్యూజు పోయింది. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి టంకం వేసి మార్చడానికి ఆ రోజు నాకు చేతకాలేదు, ఇంకొకరి కాళ్లావేళ్లా పడ్డాను. ఆ ల్యాప్‌టాప్ ఒక టీచరుగారిది, మర్నాడు ఆవిడకి ఆన్‌లైన్ పాఠం ఉంది. ఆ తర్వాత బ్యాటరీ తియ్యకుండా డిస్‌ప్లే కేబుల్‌ని నేనెప్పుడూ ముట్టుకోలేదు.

బెజెల్ విప్పడం ఇలా. కింది మూలల్లో రబ్బరు బిళ్లలో పలుచని స్టిక్కర్లో ఉంటాయి, వాటి కింద స్క్రూలుంటాయి. అవి తీశాక పై అంచు మధ్యలో, ప్యానెల్ వైపు నుంచి పిక్ దూర్చి బయటికి విప్పుకుంటూ రండి. క్లిప్పులు టప్ టప్‌మని ఊడతాయి. ఆ శబ్దానికి బెదరకండి, విరిగినట్టు వినిపిస్తుంది గానీ అది మామూలే. పిక్ లోతుకి దించొద్దు, పక్కనే ప్యానెల్ ఉంటుంది, కొన్నింటిలో వెబ్‌క్యామ్ తీగ, వైఫై యాంటెన్నా తీగలు ఆ సందులోనే పోతాయి. బెజెల్ జిగురుతో అంటించి ఉంటే హెయిర్ డ్రయ్యర్ గాలి అంచు వెంట తిప్పుతూ గోరువెచ్చగా చేసుకోండి. హింజ్ దగ్గర బెజెల్ ఇరుక్కుంటే మూతని ఇంకా వెనక్కి వాల్చండి, చాలాసార్లు అక్కడే వదులవుతుంది.

ప్యానెల్ స్క్రూలు తీశాక దాన్ని నిలువుగా పైకి లాగెయ్యకండి, కింద కేబుల్ ఉంది. పై అంచు పట్టుకుని, కీబోర్డు మీద పరిచిన గుడ్డ మీదకి పుస్తకం పేజీ తిప్పినట్టు వాల్చండి. వెనక కింది భాగంలో కనెక్టర్ కనిపిస్తుంది. దాని మీద పారదర్శకమైన టేపు ఉంటుంది, మెల్లగా లేపండి, తర్వాత మళ్లీ పనికొస్తుంది. కొన్నింటికి సన్నటి లోహపు కడ్డీ తాళంలా ఉంటుంది, దాన్ని ముందు ఎత్తాలి. ఇక కనెక్టర్‌ని ప్యానెల్‌కి సమాంతరంగా, అది వచ్చిన దారిలోనే వెనక్కి జరపాలి, పైకి పీకకూడదు. మీ ల్యాప్‌టాప్‌లో జిగురు పట్టీలుంటే అడుగున కనిపించే వాటి కొసని పట్టుకుని, అడ్డంగా, నిదానంగా సాగదీస్తూ పొండి. ఒక్కో పట్టీకి నిమిషం పట్టినా పట్టనివ్వండి. తెగిపోతే మూత వెనక వేడి గాలి తగిలించి, పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం ప్యానెల్ వెనక అటూ ఇటూ నడిపితే జిగురు విడుస్తుంది. పాత ప్యానెల్ గాజు ముక్కలుగా రాలుతుంటే చేతికి గ్లవ్స్ వేసుకోండి, దాని నుంచి ద్రవం అంటితే సబ్బుతో కడుక్కోండి.

కొత్త ప్యానెల్‌ని రెండు పక్కల అంచులు పట్టుకునే ఎత్తండి. కింది అంచు చాలా సున్నితం. గాజు మీది తీగలకీ వెనక ఉన్న సన్నటి సర్క్యూటు బోర్డుకీ మధ్య సినిమా రీలులాంటి పలుచని ముక్కలుంటాయి, వాటి అతుకు వేలి ఒత్తిడికి కూడా లేచిపోతుంది. కొత్త ప్యానెల్‌లో పెట్టీ పెట్టగానే నిలువు గీతలు వస్తే సగం సార్లు దోషం తయారీలో ఉండదు, ఆ అంచుని నొక్కిన బొటనవేలిదే. పని మొదలుపెట్టే ముందు ఒకసారి పెయింటు లేని లోహాన్ని తాకి ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోండి. కనెక్టర్‌ని నేరుగా ఎదురుగా పెట్టి, రెండు బొటనవేళ్లతో రెండు చివరలూ సమానంగా నెట్టండి. ఒక చివర లోపలికి పోయి ఇంకో చివర వెంట్రుకవాసి బయటుంటే తీసి మళ్లీ పెట్టండి. టేపు అంటించండి, తాళం ఉంటే దించండి.

స్క్రూలు బిగించే ముందే పరీక్ష చెయ్యాలి. ప్యానెల్‌ని మూతలో ఆనించి, స్క్రూలేవీ లోపల ఎక్కడా పడి లేవని చూసుకుని, బ్యాటరీ కలిపి ఆన్ చెయ్యండి. బ్యాటరీ ఊడదీసినందువల్ల కొన్ని ల్యాప్‌టాప్‌లు ఛార్జర్ పెట్టేదాకా లేవవు, మొదటిసారి లేవడానికి మామూలుకన్నా ఎక్కువ సేపు తీసుకుంటాయి, కంగారు పడొద్దు. తెరంతా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా నింపి చూడండి. తెలుపులో నల్లటి చుక్క, నలుపులో వెలిగే చుక్క కనిపిస్తే డెడ్ పిక్సెల్ ఉన్నట్టు. చీకటి గదిలో నలుపు రంగు పెట్టి అంచుల్లో వెలుగు ఎంత కారుతోందో చూడండి. కొంచెం ఉండటం మామూలే. బ్రైట్‌నెస్ కీలతో వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉందా? అరగంట అలాగే నడవనివ్వండి. ఇదంతా తేలేదాకా రక్షణ పొర ఊడదీయొద్దు, అది లేకపోతే వెనక్కి తీసుకోకపోవచ్చు.

తెర పూర్తిగా తెల్లగా ఉండి బొమ్మ రాకపోతే బ్యాక్‌లైట్‌కి కరెంటు అందుతోంది, డేటా అందడం లేదు. కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదన్నమాట. గీతలు వచ్చిపోతున్నా ముందు అనుమానించాల్సింది కనెక్టర్‌నే. ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి, షట్‌డౌన్, ఛార్జర్, బ్యాటరీ, 20 సెకన్లు, ఆ తర్వాతే చెయ్యి లోపలికి. విసుగొచ్చి ఈ వరస దాటేసేది రెండో ప్రయత్నంలోనే, ఫ్యూజులు పోయేది కూడా అప్పుడే. టార్చికి సన్నగా బొమ్మ కనిపించి వెలుగు లేకపోతే మాత్రం ఆపెయ్యండి. ఇక అది బోర్డు మీద పని తెలిసినవాళ్లకి చూపించాల్సిందే.

అన్నీ బాగుంటే ఆఫ్ చేసి, బ్యాటరీ మళ్లీ తీసి, ప్యానెల్ స్క్రూలు బిగించండి. స్క్రూ ఆగగానే ఆపండి, గట్టిగా తిప్పితే ఆ మూల వెలుగు మచ్చ పడుతుంది. యాంటెన్నా తీగలు వాటి గాడిలో ఉన్నాయా చూడండి, ప్యానెల్ కింద నలిగితే వైఫై బలహీనపడుతుంది. మూతలో చిన్న అయస్కాంతం ఉంటుంది, మూత మూసిన సంగతి ల్యాప్‌టాప్‌కి తెలిసేది దానివల్లే. విప్పేటప్పుడు అది ఊడి పడి ఉంటే దాని చోట అంటించండి. బెజెల్ క్లిప్పులు చుట్టూ నొక్కి, మూత మూసీ తెరిచీ రెండు మూడుసార్లు చూశాక రబ్బరు బిళ్లలు పెట్టెయ్యండి.

ఇక మీకు జరిగిన ప్రమాదం గురించి. మూత మూస్తే కీబోర్డుకీ తెరకీ మధ్య మిగిలే సందు చాలా తక్కువ, కొత్త పలుచని ల్యాప్‌టాప్‌లలో మరీ తక్కువ. కెమెరా మీద అంటించే ప్లాస్టిక్ కవరు కూడా తెరని పగలగొట్టగలదని ఆపిల్ 2020లో తన మ్యాక్‌బుక్ వాడేవాళ్లని హెచ్చరించింది. మీరూ అలాంటిది అంటించుకుని ఉంటే కొత్త స్క్రీన్ పెట్టే రోజునే తీసేయండి. మూతని ఒక మూల పట్టుకుని తెరవడం కూడా మానండి, మధ్యలో పట్టుకోండి. పాత ప్యానెల్‌ని చెత్తబుట్టలో వెయ్యకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్లకివ్వండి.

ఈ వారంలో బెజెల్ విప్పి స్టిక్కర్ చూడండి. నంబరు మొత్తం, గీత తర్వాతి అక్షరాలతో సహా, పిన్నులెన్నో, చెవులు ఏ పక్కన ఉన్నాయో రాసి పంపండి. దానికి సరిపోయే ప్యానెళ్లు ఏవో చూసి చెబుతాను, ఆ తర్వాతే డబ్బు కట్టండి.